అత్తయ్య గదిలో ఫ్యాను

మే నెల కరెంటు బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. "ఈ ఇంట్లో ఒక్కరికీ ఫ్యాను కట్టెయ్యడం రాదు" అని ఆ పూటంతా సణుగుతూనే ఉన్నాను.

మర్నాడు మధ్యాహ్నం చూద్దును కదా, అత్తయ్య గదిలో ఫ్యాను ఆగి ఉంది. ఆవిడ చెమటలు తుడుచుకుంటూ విసనకర్రతో విసురుకుంటున్నారు.

"కరెంటు పోయిందా అత్తయ్యా?"

"లేదమ్మా, నా వంతు నేను తగ్గిద్దామని."

నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నేను చదివింది తెలుగు బి.ఏ. అయినా, ఈ లెక్క కష్టమేం కాదండీ. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు వాడితే ఒక యూనిట్. అత్తయ్య పాత ఫ్యాను 75 వాట్లు. 13 గంటలకు పైగా తిరిగితే గానీ ఒక యూనిట్ కాదు. గీజరు 2000 వాట్లు. ఆపడం మర్చిపోతే అరగంటకే ఒక యూనిట్. ఏసీ 18 మీద పెట్టుకుని, దుప్పటి కప్పుకుని పడుకునేది మేమే! పైగా శ్లాబు దాటిన యూనిట్లకు రేటు ఎక్కువ.

ఏసీ 26కి పెంచి, ఫ్యాను కూడా చిన్నగా పెట్టుకుంటున్నాం. ఏసీ ఫిల్టరు కడిగాను. వేసవిలో గీజరు జోలికి వెళ్లడం లేదు. జూన్ బిల్లు కాస్త దిగింది. అత్తయ్య గదికి 30 వాట్ల కొత్త ఫ్యాను కొన్నాం.

అయినా మొన్న నేను గదిలోకి వెళ్తుంటే ఆవిడ చెయ్యి గబుక్కున స్విచ్చు మీదకే వెళ్లింది. బిల్లు తగ్గించగలిగాను గానీ, అన్న మాట వెనక్కి తీసుకోలేకపోతున్నాను.