కారుణ్యకు మా ఓట్లు

బిగ్‌బాస్‌కు ఓటు వేస్తామని మా పిల్లలు ఫోను అడిగితే కసరబోయి ఆగిపోతాం. 2006లో మేము చేసిందేమిటి? హాస్టల్‌కంతా ఒకటే టీవీ. ఇండియన్ ఐడల్ రెండో సీజన్‌లో మన కారుణ్య పాడుతుంటే కంచాలు చేతబట్టుకొనే చూసేవాళ్ళం. పరీక్షలు గుర్తే లేవు. ఎస్సెమ్మెస్ ఓట్ల కోసం కాస్మెటిక్ చార్జీలు పోగుచేశాం. చాలక ఆరో తరగతి తమ్ముళ్ళ సబ్బు డబ్బులూ అడిగాం. పెద్దన్నలం కదా, ఇచ్చారు పాపం. వంటాయన సెల్ నుంచి పంపాం. ఏప్రిల్‌లో సందీప్ ఆచార్య గెలిచాడు, కారుణ్యది రెండోస్థానం. ఏడ్చాం కూడా.

అంతకుముందే సబ్బుల్లేక తమ్ముళ్ళకు గజ్జి లేచింది. వార్డెన్ సారు ఎందుకని అడిగితే బోరునీళ్ళ వల్లనన్నాం. తమ్ముళ్ళు మా ముఖాలు చూసి, అవునని తలూపారు.