ఒకటే తరాజు



మా ఆఫీసులో నాతో పనిచేసే క్రైస్తవ దోస్తు ఒకాయన పోయిన రంజాన్‌కి ముందు నాకో చిన్న పుస్తకం ఇచ్చాడు. మోర్మన్ మజ్‌హబ్ ఎలా పుట్టిందో క్రైస్తవుల వైపు నుంచి విమర్శిస్తూ రాసింది. వాళ్ల చుట్టాలబ్బాయి హైదరాబాద్‌లో ఆ చర్చికి వెళ్తున్నాడట, ఆయనకి అదే ఫికర్. "చదువు భాయ్, నీకు నచ్చుతుంది" అన్నాడు. నచ్చింది. అవసరానికి మించి నచ్చింది.

ఖిస్సా ఇదీ. జోసెఫ్ స్మిత్ 1805లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టిన రైతుబిడ్డ. న్యూయార్క్ రాష్ట్రంలో పామైరా దగ్గర పెరిగాడు. మొరోనై అనే ఫరిష్తా వచ్చి, కొండలో పాతిపెట్టిన బంగారు రేకుల సంగతి చెప్పాడని, 1827లో అవి తన చేతికొచ్చాయని ఆయన దావా. ఒక రాయిని టోపీలో వేసుకుని, ముఖం ఆ టోపీలో పెట్టి తర్జుమా పలికేవాడు. పక్కనున్నవాళ్లు రాసుకునేవాళ్లు. మార్టిన్ హారిస్ అనే రైతు పొలం తాకట్టు పెడితే 1830లో 5,000 ప్రతులు అచ్చయ్యాయి.

మరుసటి ఏడాదే అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ అనే పాదిరి కలం పట్టాడు. క్రీస్తుకు 600 ఏళ్ల ముందు యెరూషలేం వదిలి వెళ్లినవాళ్ల కథ అంటున్నారు, మరి పసిపిల్లల బాప్తిస్మం, త్రిత్వం, ఫ్రీమేసన్లు - మొన్నమొన్న న్యూయార్క్‌లో జరిగిన బహస్‌లన్నిటికీ ఇందులో జవాబు ఎలా ఉంది అని ఆయన సవాల్. పైగా 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లోని యెషయా అధ్యాయాలు అందులో దాదాపు మాట మాటా ఉన్నాయి.

రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఇదంతా మజా తీసుకుంటూ చెప్పాను. ఇంటర్ చదివే మా అమ్మాయి రొట్టె తుంచుతూ అడిగింది: "అబ్బా, చదువురాని మనిషి, బైబిల్ చూసి తీసుకున్నాడు, నికాహ్‌ల కోసం వహీ తెచ్చుకున్నాడు అని మన హుజూర్ (స) మీద కూడా అంటారు కదా?"

నా నోట్లో ముద్ద అక్కడే ఆగింది.

పుస్తకం మళ్లీ తీశాను. 19వ శతాబ్దపు విమర్శకులు స్మిత్‌ని 'అమెరికా మహమ్మద్' అని వెక్కిరించారన్న సంగతి ఒక పేజీలో ఉంది. మొదటిసారి దాన్ని గబగబా దాటేశాను. నవ్వు చెడుతుందని కాబోలు. అస్తగ్‌ఫిరుల్లాహ్.

ఈసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. సుబూత్ ఏది, ఇల్జామ్ ఏది అని గీతలు గీశాను.

1834లో ఎబర్ హోవ్ అనే సంపాదకుడు ఒక పుస్తకం వేశాడు. అందులోని ఇరుగుపొరుగు వాళ్ల గవాహీలు పోగుచేసినవాడు ఆ చర్చి వెలివేసిన మనిషి. సాలమన్ స్పాల్డింగ్ అనే ఆయన రాసిన నవలని స్మిత్ చోరీ చేశాడన్నది అందులో పెద్ద ఇల్జామ్. యాభై ఏళ్లు అదే చెప్పుకున్నారు. 1884లో స్పాల్డింగ్ రాతప్రతి ఒకటి హోనొలులులో దొరికింది. చూస్తే, రెంటికీ పోలిక లేదు!

ఇంకోవైపు పపైరస్ సంగతి. 1835లో ఈజిప్టు మమ్మీలతో పాటు కొన్న చుట్టల్లో హజ్రత్ ఇబ్రాహీం (అలై) రాత ఉందని స్మిత్ చెప్పాడు. వాటి ముక్కలు 1966లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడ్డాయి. ఈజిప్టు లిపి చదివే ఆలిమ్‌లు చూసి, ఇవి మయ్యత్‌తో పెట్టే రాతలన్నారు. ఆ ముక్కల మీది అక్షరాలకీ స్మిత్ తర్జుమాకీ పొంతన లేదని 2014లో ఆ చర్చే ఒప్పుకుంది. అసలు భాగం పోయి ఉండొచ్చని, లేదా అది ఇల్హామ్ లాంటిదని వాళ్ల జవాబు. ఆ జవాబు మనకి సరిపోకపోవచ్చు. కానీ వినిపించకపోతే ఇన్సాఫ్ కాదు.

సోమవారం దోస్తుకి పుస్తకం చూపించి చెప్పాను: "అన్నా, పపైరస్ మాట గట్టిది. స్పాల్డింగ్ మాట మీ పిల్లాడితో అనకు, వాడే తిప్పికొడతాడు. ఇంకోటి, మా నబీ పేరుని తిట్టులా వాడారు, దిల్ నొచ్చింది."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "మరి మీ తఖ్రీర్లలో బైబిల్ మీద నాస్తికుల పుస్తకాలే చదివి వినిపిస్తారు కదా భాయ్? ఆ నాస్తికులు ఖురాన్‌ని ఒప్పుకుంటారా?"

ఈసారి మాట్లాడలేకపోయింది నేను.

సూరె మాయిదా ఎనిమిదో ఆయత్ ఎన్నిసార్లు తిలావత్ చేశానో. దుష్మనీ ఉన్నచోట కూడా అద్ల్ తప్పొద్దనే అందులో తాలీం. మన ఇంట్లో ఒక తరాజు, పక్కింటికి ఇంకో తరాజు పెడితే అది తూకం కాదు, మోసం. ఖత్మె నబువ్వత్ మన అఖీదా. హుజూర్ (స) తర్వాత ఇంకో నబీ రాడు, కాబట్టి స్మిత్ దావా మనకి కుబూల్ కాదు. అది చెప్పడానికి ఎవరి వెక్కిరింతా అప్పు తెచ్చుకోనక్కర్లేదు.

పుస్తకం చదువుతానని అమ్మాయి అడిగింది. నా పెన్సిల్ గీతలు చెరపకుండానే ఇచ్చాను. అది ఇంకెక్కడ గీస్తుందో చూడాలి.