మిగ్-21ని రెండుసార్లు కట్టాను: ఒకసారి ప్లాస్టిక్‌తో, ఒకసారి కాగితంతో

 

మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, పోడు పట్టాల సంగతులు రాసుకుంటాం. నేను రాసేది ఒక హాబీ గురించి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

డిగ్రీలో చేరడానికి విశాఖ వచ్చిన మొదటి నెలలో మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన మమ్మల్ని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లాడు. కురుసుర సబ్‌మెరైన్‌కి ఎదురుగా టీయూ-142 విమానం పెట్టారు కదా, అది చూశాను. 1988 నుంచి 2017 దాకా మన నేవీలో పనిచేసిన విమానం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కి ముందొకటి వెనకొకటి రెండు ఫ్యాన్లు, ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. మొత్తం 32 బ్లేడ్లు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పటిదాకా నాకు విమానమంటే మా కొండ మీద ఆకాశంలో పోయే తెల్ల గీత, అంతే.

ఆ రాత్రి ఫోన్లో దాని బొమ్మలు వెతుకుతుంటే స్కేల్ మోడళ్లు అనేవి ఉన్నాయని తెలిసింది. అసలు విమానాన్ని లెక్క ప్రకారం తగ్గించి చేసేవి. ఎక్కువగా కనిపించే కొలత 1/72. అంటే ఆరు అడుగులు ఒక అంగుళం అవుతుంది. ఆరడుగుల మనిషి బొటనవేలి మొదటి కణుపంత ఉంటాడు. ఆ కొలతలో టీయూ-142 కట్టినా రెక్క 69 సెంటీమీటర్లు వస్తుంది, నా ట్రంకు పెట్టెలో పట్టదు. అందుకని మిగ్-21 ఎంచుకున్నాను. దాని రెక్క 7.15 మీటర్లు, 1/72లో సుమారు పది సెంటీమీటర్లు. అరచేతిలో పడుతుంది.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే మాట. కిట్టు, దాని జిగురు, రెండు రంగు సీసాలు, బ్రష్షు కలిపి పదిహేను వందలు దాటింది. ఇంటికి ఫోన్ చేసి ఎగ్జామ్ ఫీజు అన్నాను. నాన్న మిరియాలు అమ్మిన డబ్బులో నుంచి పంపించాడు.

ప్లాస్టిక్ కిట్టు ఎలా ఉంటుందో చెప్తాను. కరిగించిన పాలీస్టైరీన్‌ని ఉక్కు అచ్చులోకి నొక్కి పోస్తారు. ముక్కలన్నీ ఒక ఫ్రేముకి కాయల్లా అంటుకొని వస్తాయి. వాటిని గోళ్ల కట్టరుతో తెంపి, అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, అతికించాలి. ఆకారం అప్పటికే వచ్చేసి ఉంటుంది. రేకుల మధ్య గీతలు కూడా అచ్చులోనే పడి ఉంటాయి. మనం చేయాల్సింది అతుకు కనబడకుండా చూడటం, రంగు వేయడం. నిజానికి ఆ రెండే కష్టం. పైగా ఆ జిగురు మామూలు జిగురు కాదు. ప్లాస్టిక్ పైపొరని కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేసేస్తుంది. బాగా అంటుకుంటుంది, కానీ తప్పుగా అంటుకున్నా అంతే గట్టిగా అంటుకుంటుంది.

నా వేలికి జిగురు ఉందని చూసుకోకుండా ఎడమ రెక్క పట్టుకున్నాను. వేలిముద్ర ఆధార్ మిషన్ మీద పడ్డంత చక్కగా రెక్క మీద పడిపోయింది. ఇంకో తప్పు, పైలట్ మీద ఉండే అద్దాన్ని సూపర్ గ్లూతో అంటించాను. పొద్దున్న లేచి చూస్తే అద్దమంతా పొగమంచు పట్టినట్టు తెల్లగా అయిపోయింది. ఆ జిగురు ఆవిరి గాజులాంటి ప్లాస్టిక్ మీద అలా పేరుకుంటుందట. తెలిసినవాళ్లు అక్కడ తెల్ల ఫెవికాల్ వాడతారు. అది నాకు తర్వాత తెలిసింది. ఇంకో కిట్టు కొనే మొహం నాకు లేదు. పాడైన విమానాన్ని పెట్టె అడుగున బట్టల కింద పెట్టేశాను. దాన్ని చూసినప్పుడల్లా మిరియాలు గుర్తొచ్చేవి.

ఆర్నెల్ల తర్వాత కాగితం మోడళ్ల సంగతి తెలిసింది. ఇదేదో చిన్నపిల్లలు మడిచి విసిరే విమానం అనుకోకండి. పోలండ్‌లో 1957 నుంచి ‘మావీ మొదెలాష్’ అనే పత్రిక కాగితం మోడళ్లే వేసింది, ఆ పేరుకి చిన్న మోడలర్ అని అర్థం. అక్కడ విమానాలకి వాడుక కొలత 1/33. మిగ్-21 ఆ కొలతలో రెక్క 21 సెంటీమీటర్ల పైన వస్తుంది, నా ప్లాస్టిక్ దానికి రెట్టింపు కంటే ఎక్కువ. నెట్‌లో కొందరు తాము గీసిన మోడళ్లని ఉచితంగా పెడతారు. అలాంటి పీడీఎఫ్ ఒకటి దించుకొని కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో దళసరి కాగితం మీద కలర్ ప్రింటు తీయించాను. ఎనిమిది పేజీలు, పేజీకి పదిహేను, మొత్తం నూట ఇరవై. ఫెవికాల్, బ్లేడు, స్కేలు ఉన్నవే.

ఇక్కడ పని తలకిందులు. ప్లాస్టిక్‌లో ఆకారం వాళ్లిస్తారు, రంగు మనం వేయాలి. కాగితంలో రంగు వాళ్లిస్తారు, ఆకారం మనం తేవాలి. మడత వేసే గీతని ముందు ఇంకు అయిపోయిన రీఫిల్‌తో నొక్కాలి, లేకపోతే మడత వంకర పోతుంది. విమానం ఒంటి ముక్కల్ని అరచేతిలో పెట్టి పెన్సిల్‌తో దొర్లించి గుండ్రం చేయాలి. గొట్టం నొక్కుకుపోకుండా లోపల అట్ట బిళ్లలు పెట్టాలి. నేను పాత నోట్‌బుక్ అట్టలు వాడాను. కోసిన అంచులు తెల్లగా కనిపిస్తాయి కాబట్టి స్కెచ్ పెన్‌తో రంగు పూయాలి.

మిగ్-21 కాగితానికి బాగా లొంగే విమానం. ఒళ్లు గొట్టం, రెక్కలు త్రికోణాలు. ముందు గాలి పోయే గుండ్రటి కన్నం, దాని మధ్యలో కోసుగా ఒక శంకువు. గొట్టాన్నీ శంకువునీ చదునైన కాగితం నుంచి చుట్టొచ్చు. గోళాన్ని చుట్టలేం. బత్తాయి తొక్కని చింపకుండా బల్ల మీద చదును చేయలేం కదా, అదే సంగతి వెనక్కి. అందుకే పైలట్ అద్దం లాంటి ఉబ్బెత్తు భాగాలు కాగితంలో పూరేకుల్లా కోసి కలపాలి. ఎంత జాగ్రత్తగా చేసినా గీతలు తెలుస్తాయి.

మొదటిసారి ముక్కు పాడయింది. పదిహేను రూపాయలిచ్చి ఆ ఒక్క పేజీ మళ్లీ తీయించాను. అది కూడా పాడయింది, మళ్లీ తీయించాను. మూడోసారి కుదిరింది.

సరిపోల్చి చెప్పమంటే నా మాట ఇది. కచ్చితత్వంలో, సన్నని ముక్కల్లో, మన్నికలో ప్లాస్టిక్‌దే పైచేయి. చక్రాల కాళ్లు, ఫ్యాన్ బ్లేడ్లు కాగితంలో బొద్దుగా వస్తాయి, ఎందుకంటే విమానాన్ని ఎంత తగ్గించినా కాగితం మందం తగ్గదు. విశాఖ తేమకి నా కాగితం రెక్కలు ఆగస్టులో కొంచెం వాలిపోయాయి. కొన్ని ప్రింటర్ల ఇంకు చెమట చేతికే కారిపోతుంది. ప్లాస్టిక్‌కి ఈ బాధలు లేవు. కానీ డబ్బులో, పరిమాణంలో, నేర్చుకోవడంలో కాగితానిదే పైచేయి. ప్లాస్టిక్ కట్టినప్పుడు మిగ్-21 ఎలా ఉంటుందో చూశాను. కాగితం కట్టినప్పుడు అలా ఎందుకుంటుందో కొంచెం అర్థమైంది.

ఈ మాట విని రూములో అన్న ఒకరు అన్నారు, “ఒరేయ్, ఇవన్నీ డబ్బున్నోళ్ల పిల్లల ఆటల్రా. మీ ఇంట్లో కాలేజీ గడప తొక్కినోడివి నువ్వే మొదలు. ఆ టైములో నాలుగు బిట్లు చదువుకో.” ఆయన మంచి కోరే అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. కానీ ఆలోచిస్తూనే ఉన్నాను.

మన పిల్లలకి తప్పు చేసే వీలు చాలా తక్కువ. ఒక సబ్జెక్టు పోతే స్కాలర్‌షిప్ ఏమవుతుందోనని భయం. క్లాసులో ఇంగ్లిష్ తప్పు మాట్లాడితే ఏడాదంతా నోరు తెరవం. నేనైతే మొదటి సంవత్సరం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్లాస్టిక్ కిట్టు నాకు అలాగే అనిపించింది, ఒక్కటే అవకాశం, పోతే పోయినట్టే. కాగితం ముక్కు మూడుసార్లు చేస్తే నలభై అయిదు రూపాయలు అయింది, ఎవరూ నవ్వలేదు. తప్పు చేసి, ఎక్కడ తప్పానో చూసుకొని, మళ్లీ చేయడం నేను మొదటిసారి భయం లేకుండా నేర్చుకున్నది అక్కడే. దీనివల్ల ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. ఈమధ్య క్లాసులో చెయ్యెత్తుతున్నాను, అంతవరకు చెప్పగలను.

మొన్న దసరా సెలవులకి రెండు విమానాల్నీ ఇంటికి పట్టుకెళ్లాను. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకి ఆఖరి వీడ్కోలు చెప్పారు. 1963 నుంచి 62 ఏళ్లు మన వాయుసేనలో ఎగిరినవి. సిగ్నల్ దొరికే రాయి దగ్గరికి పోయి ఆ వీడియో దించుకొచ్చి ఇంట్లో చూపించాను. అమ్మ కాగితం విమానాన్ని తిప్పి తిప్పి చూసి, ముక్కు దగ్గర వేలు పెట్టి, “ఇదేటి, దొన్నె మడత కదా” అంది. నిజమే. చదునైన అడ్డాకుని మడిచి అంచు మీద అంచు ఎక్కిస్తే గుంట వస్తుంది. నేను నెల రోజులు తంటాలు పడ్డ మడత అమ్మకి చిన్నప్పటి నుంచీ వచ్చు.

నాన్న ప్లాస్టిక్‌ది పట్టుకొని “ఇదెంత?” అన్నాడు. అప్పుడు చెప్పేశాను, ఎగ్జామ్ ఫీజు సంగతి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అడిగుంటే ఇచ్చేవోణ్ణి కాదు. అయినా అడగాల్సింది” అన్నాడు. రెండు విమానాల్నీ తీసి దూలం మీద, తమ్ముడికి అందకుండా పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మొదలు పెట్టాలనుకునే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నాలుగు మాటలు. మొదట కాగితమే కట్టండి. 160 నుంచి 200 జీఎస్ఎం కాగితం అడగండి, మామూలు ఏ4 పనికిరాదు. ప్రింటు తీసేవాళ్లకి అసలు సైజులోనే తీయమని చెప్పండి, పేజీకి సరిపడా సర్దితే కొలతలన్నీ మారిపోతాయి. కోసే ముందు ప్రతి ముక్క వెనక దాని నంబరు రాసుకోండి. జిగురు తక్కువ రాయండి, ఆరేదాకా ఆగండి. ప్లాస్టిక్ కిట్టు మాత్రం మీ సొంత డబ్బు వచ్చాక, ఇంట్లో నిజం చెప్పి కొనుక్కోండి.

సంక్రాంతి సెలవుల్లో మా ఊరి వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాలుగు సెట్ల ప్రింట్లు తీయించి తెస్తాను. ముక్కు పేజీ మాత్రం ఒక్కొక్కరికి మూడేసి తెస్తాను.