పెడలుకీ చక్రానికీ నడుమ

పెద్ద రైలు ఇంజన్లకు క్లచ్ ఉండదు. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా రైలు మీద బతికిన ఇళ్ళలో కూడా ఈ మాట అంటే ఒక్క క్షణం ఆగి, "ఔను, లేదు కదా" అంటారు. ఆవిరి ఇంజను కదలకుండా నిలబడి ఉన్నా పిస్టన్ మీద ఆవిరి ఒత్తిడి పెట్టగలదు. రెగ్యులేటరు తీస్తే ఆ నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో లాగుతుంది. పిస్టన్ నుంచి కడ్డీ, కడ్డీ నుంచి చక్రం. మధ్యలో విడదీసేది ఏదీ లేదు. 1950ల చివర్లో అమెరికా నుంచి ఆల్కో డీజిళ్ళు దిగాక పద్ధతి మారింది గానీ క్లచ్ మాత్రం రాలేదు. అక్కడ డీజిలు ఇంజను తిప్పేది జనరేటరును. చక్రాలను తిప్పేది ఇరుసుల దగ్గరున్న మోటార్లు. నడుమ తీగలే తప్ప ఇనుము లేదు.

రోడ్డు మీద తిరిగే బండి సంగతి వేరు. దాని ఇంజను తిరగడం ఆగిందంటే చచ్చిందన్నమాటే. మళ్ళీ లేపాలంటే ఇంకెవరో తిప్పాలి. చక్రం ఆగాలి, ఇంజను మాత్రం తిరుగుతూ ఉండాలి. రెండూ ఒకేసారి జరగాలంటే వాటిని విడదీసి, కావలసినప్పుడు మెత్తగా మళ్ళీ కలిపేది ఒకటి ఉండి తీరాలి.

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో మాకు రెండిళ్ళ అవతల ఉండే బాబాయ్‌కి (చుట్టరికం ఏమీ లేదు, ఇక్కడి తెలుగువాళ్ళం ఒకరికొకరం బాబాయిలమూ పిన్నులమూ) ఒక పాత జీపు ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బులో కొంత తీసి, పిన్నికి చెప్పకుండా దాన్ని కొన్నారు. ఆవిడ ఇప్పటికీ దాన్ని "ఆ ఇనప సామాను" అనే అంటుంది. ఎప్పటికైనా చౌరంగీ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఏకబిగిన శ్రీకాకుళం దాకా దాంట్లోనే వెళ్ళాలని ఆయన కోరిక. ఈలోపు అది తిరిగేది మాత్రం పడమటి వైపు. కంసావతిని ఇక్కడ కాసాయి అంటారు, ఆ నది ఇసుకలో; ఝాడ్‌గ్రామ్ దారి పట్టే సాల అడవుల్లో; దల్మా కొండల మీంచి ఏనుగుల మందలు దిగివచ్చే ఎర్ర మొరం బాటల మీద. ఎండాకాలం ఆ దుమ్మూ, వానాకాలం ఆ బురదా బండి కడుపు కింద ఎక్కడెక్కడ సందు ఉంటే అక్కడికల్లా చేరతాయి.

క్లచ్ పోవడంలో పెద్ద చప్పుడేమీ ఉండదు. ముందు రివర్సు గేరు కర్రుమంటుంది. తర్వాత పెడలు ఒకసారి తొక్కితే చాలదు, రెండుసార్లు తొక్కాలి. ఆ తర్వాత ఒకరోజు తొక్కిన పెడలు నేలను అంటుకుని అక్కడే ఉండిపోతుంది. కాలి వేళ్ళతో పైకి లాక్కోవాలి. బాబాయ్‌కి ఇదంతా అడవి దారిలోనే జరిగింది. ఆయన బండిని అక్కడ వదిలేసి రాలేదు. ఇంజను ఆపి, మొదటి గేరులో వేసి, తాళం తిప్పారు. సెల్ఫ్ మోటారే బండిని ఒక కుదుపు కుదిపి ముందుకు లాగుతుంది, ఆ ఊపులో ఇంజను అందుకుంటుంది. పైగేర్లు ఇంజను మోతను చెవితో చూసుకుని, సరిగ్గా వేగం కుదిరిన క్షణంలో జారవిడవాలి. బయట రోడ్డు మీద ఇది విద్యే. ఊళ్ళోకి వచ్చాక శిక్ష. అడ్డొచ్చిన ప్రతి ఆవుకీ, ప్రతి టోటో రిక్షాకీ ఇంజను ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం.

చెడిపోయిన క్లచ్‌లో వింత అదే. అది బండిని ఆపదు. ఇంజనుకీ చక్రానికీ ఉన్న పట్టు చెక్కుచెదరదు. వదలమంటే వదలదు, అంతే. రైలు బ్రేకు దీనికి పూర్తిగా ఎదురు. బండి పొడవునా సాగే గొట్టంలో గాలి పోయిందంటే బ్రేకులు వాటంతట అవే పట్టేసి రైలును నిలబెడతాయి. ఒత్తిడి పోతే మంచే జరిగేలా ఆలోచించి పెట్టిన ఏర్పాటు అది. ఈ తేడా మీద బాబాయ్ ఒక పూట మాట్లాడగలరు, మాట్లాడారు కూడా.

పెడలుకీ క్లచ్‌కీ నడుమ ఏముంది? తొలినాటి విల్లీస్ జీపుల్లో కేబులూ కడ్డీలూ ఉండేవి. ఈ బండిలో ఉన్నది ఒక సన్నటి గొట్టం నిండా బ్రేక్ ఆయిల్. పెడలు తొక్కితే పైన బానెట్ కిందున్న మాస్టర్ సిలిండర్లో చిన్న పిస్టన్ నూనెను నెడుతుంది. ఆ నూనె కింద గేర్‌బాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్లో ఇంకో పిస్టన్‌ను నెడుతుంది. అది ఫోర్కును, ఫోర్కు బేరింగును, బేరింగు ప్రెషర్ ప్లేటును కదుపుతాయి. పాదం కింద జానెడు కదలిక అంచెలంచెలుగా తగ్గుతూ, బలంగా మారుతూ వచ్చి, చివరికి ప్లేటు దగ్గర తేలే సందు ఏ మిల్లీమీటరో. ఆ కాస్త సందుకు ఇవతల ఇంజను నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ ఉంటుంది, అవతలిది కదలకుండా నిలబడి ఉంటుంది. నాకు ఇది ఎన్నిసార్లు విన్నా నమ్మబుద్ధి కాదు.

ఇదంతా నడిచేది నూనె నలగదు కాబట్టి. ఇచ్చిన నొక్కుడును ఇచ్చినట్టు అవతలికి చేరవేస్తుంది, తనకంటూ ఏమీ ఉంచుకోదు. పాస్కల్ 17వ శతాబ్దంలో తేల్చిన సంగతి ఇదే. గాలి అలాంటిది కాదు. చిన్న బుడగ చాలు, పెడలు ఇచ్చిందంతా అదే మింగి, తాను నలిగి, కాలు తీయగానే మళ్ళీ ఉబ్బి కూర్చుంటుంది. కింద పిస్టన్‌కు వార్తే అందదు. మిల్లీమీటరు లెక్కన నడిచే చోట బుడగకు ఎంత అధికారమో చూడండి.

పాస్కల్ చెప్పిన సూత్రాన్ని యంత్రంగా మార్చి, 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నవాడు జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లీషాయన. సూత్రం బాగానే ఉంది, యంత్రమే కారేది. ఒత్తిడి పెంచితే పిస్టన్ పక్కల నుంచి నీళ్ళు చిమ్మేవి. కారకుండా బిగించి కడితే పిస్టన్ కదిలేది కాదు. ఆ చిక్కు విప్పింది బ్రామా దగ్గర పనిచేసే హెన్రీ మాడ్‌స్లే అని చెబుతారు. తోలును గిన్నెలా వంచి పిస్టన్ చుట్టూ పెట్టాడు. ఒత్తిడి వచ్చినప్పుడు ఆ ఒత్తిడే గిన్నె అంచును గోడకు అదిమి దారి మూసేస్తుంది. ఒత్తిడి లేనప్పుడు అంచు సడలి పిస్టన్‌ను పోనిస్తుంది. కారడానికి ఏది కారణమో దానిచేతే కాపలా కాయించాడు. వర్క్‌షాపులో చక్రాన్ని ఇరుసుకు పదుల టన్నుల బలంతో ఎక్కించే ప్రెస్సు బ్రామా సంతతిదే. బాబాయ్ జీపు స్లేవ్ సిలిండర్లోంచి ఆదివారం పొద్దున బయటికొచ్చిన నల్లటి రబ్బరు కప్పు కూడా మాడ్‌స్లే తోలుగిన్నెకు మునిమనవడే. చొక్కా గుండీకి కాస్త పెద్దదేమో.

దాన్ని తీసినవాడు మిస్త్రీ, పాతికేళ్ళ బెంగాలీ కుర్రవాడు. జీపు కింద గోనెపట్టా పరుచుకుని దూరి, ముందుగా సిలిండర్ మూతికున్న రబ్బరు తొడుగును గోరుతో ఒలిచాడు. లోపల తడి. అంతే, రోగం తెలిసిపోయింది. సిలిండర్ విప్పి తెచ్చి, సర్క్లిప్ తీసి, మూతిని అరచేతిలోకి వంచి తట్టాడు. పిస్టన్, స్ప్రింగు, దాంతోపాటు డికాషన్ రంగు నూనె. కప్పు అంచు ఒకచోట కొరికినట్టు లేచిపోయి ఉంది. ఎందుకో కూడా కనిపించింది: టార్చి వేసి చూస్తే బోరు లోపలి గోడ మీద, అడుగు వైపున, తుప్పు చుక్కలు. బ్రేక్ ఆయిల్‌కు తేమ అంటే మహా ప్రీతి. గొట్టంలోంచీ మూతిలోంచీ గాలిలో ఉన్న నీటిని కొద్దికొద్దిగా పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ గీత 155కు దిగిపోతుంది. మరగడం మాట అటుంచి, ఆ నీరే ఇనుమును తింటుంది. తుప్పు రబ్బరును తింటుంది.

ఇక్కడ తగవు మొదలైంది. బాబాయ్ అలవాటుగా కిరసనాయిలు డబ్బా తెచ్చారు. వర్క్‌షాపులో జీవితమంతా బేరింగు నుంచి బోల్టు దాకా దాంట్లోనే కడిగిన మనిషి. మిస్త్రీ డబ్బాను చేత్తో అడ్డుకున్నాడు. "నా కాకు, రబ్బరు ఫూలే జాబే." వద్దు బాబాయ్, రబ్బరు ఉబ్బిపోతుందని. ఈ రబ్బరుకు కిరసనాయిలూ పెట్రోలూ ఇంజను ఆయిలూ, ఏది తగిలినా విషమే. దారిలో బ్రేక్ ఆయిల్ దొరకలేదని ఇంజను ఆయిల్ పోసుకున్న బళ్ళలో రెండు సిలిండర్ల కప్పులూ ఉబ్బి, పెడలు కొయ్యబారిపోవడం మెకానిక్కులందరూ ఎరిగిందే. కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. బాబాయ్ డబ్బా తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చి, ఇంకేదో వెతుకుతున్నట్టు కాసేపు బానెట్ లోకి చూశారు.

రెండో తగవు మిస్త్రీ ఓడిపోయింది. మొత్తం సిలిండరే కొత్తది వేసేద్దామన్నాడు అతను. పని తొందరగా అవుతుంది, పూచీ ఉండదు. బాబాయ్ ఒప్పుకోలేదు. ఆయన తాతగారు 1927లో, వి.వి. గిరి బీఎన్ఆర్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) కార్మిక సంఘాన్ని నడిపే రోజుల్లో, వర్క్‌షాపులో మనుషుల్ని తీసేస్తున్నందుకు జరిగిన సమ్మెలో ఉన్నవారట. అందుకేనేమో, పనికొచ్చేదాన్ని తీసి పారేయడమంటే ఆ ఇంట్లో పడదు. తుప్పు చుక్కలు పైపైనే ఉన్నాయి కాబట్టి ఆ మొండితనం చెల్లింది గానీ, గుంటలు పడి ఉంటే మిస్త్రీ మాటే రైటు. సన్న ఎమరీ కాగితం వేలికి చుట్టి, నూనెలో తడిపి, బోరులో గుండ్రంగా తిప్పుతూ బాబాయే స్వయంగా నున్నచేశారు. నిలువుగా రుద్దితే గీతలు పడి నూనె వాటి వెంటే కారుతుంది. ఆ పని ఆయన చేస్తున్నంతసేపూ కుర్రవాడు మాట్లాడకుండా చూశాడు. తర్వాత కిట్టులోని కొత్త కప్పును నూనెలో ముంచి, అంచు మడత పడకుండా వేలి కొనతో లోపలికి పంపించాడు.

వర్క్‌షాపు మనుషుల దగ్గర ఒక పద్ధతి ఉంది. బోగీ చెడేదాకా చూడరు. గడువు రాగానే షాపుకు తెచ్చి మొత్తం విప్పి, కడిగి, అరిగినవి మార్చి పంపిస్తారు. పీఓహెచ్ అంటారు. ఏ షాపులో ఎప్పుడు అయిందో, మళ్ళీ ఏ తేదీకి రావాలో పెయింటుతో బోగీ మీదే రాసి ఉంటుంది. ఆ తేదీల మధ్యే వేల బోగీలు దేశమంతా తిరుగుతున్నాయి. మరి అదే చేతులతో పాతికేళ్ళు ఆ తేదీలు రాయించిన మనిషి సొంత జీపుకు మాత్రం బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. రెండేళ్ళకోసారి మార్చడం మంచిదని మిస్త్రీ అంటే, "అలాగా" అన్నారు, ఏదో కొత్త సంగతి విన్నట్టు. ఇది ఆయన ఒక్కరి తత్వమని నేననుకోను. మా వీధిలో పాత తరానికంతా మనసులో ఒక తిరుగు తేదీ ఉండేది: సర్వీసు కాగానే సొంతూరు వెళ్ళిపోవాలని. బాబాయ్ తాతగారి తేదీ దాటిపోయింది, నాన్నగారిదీ దాటిపోయింది. సుభాష్‌పల్లిలో ఇళ్ళు లేచాయి.

సిలిండర్ బిగించాక అసలు పని మిగిలింది, గాలి తీయడం. దీనికి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరూ ఒకరికొకరు కనబడరు. పెడలు మీద నేను. కింద మిస్త్రీ, స్లేవ్ సిలిండర్ నిపిల్‌కు ఒక పారదర్శకపు గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో నూనెలో ముంచి, రింగు పానా పట్టుకుని. "చాపో," అంటాడు, నేను తొక్కుతాను. "ధోరో," పట్టుకుంటాను. పానా తిరుగుతుంది, పెడలు మెత్తగా నేలకు దిగుతుంది, సీసాలో బుడబుడమంటుంది. నిపిల్ బిగించిన తర్వాతే "ఛాడో". ఒక్క మాట ముందుగా కాలు తీశానా, బయటికి పోయిన గాలే మళ్ళీ లోపలికి వస్తుంది. బానెట్ దగ్గర నిలబడి డబ్బాలో నూనె తగ్గకుండా పోస్తున్న బాబాయ్, మిస్త్రీ మాట అనకముందే "తొక్కు బాబూ, పట్టు, ఒదిలీ" అని తెలుగులో మొదలుపెట్టారు. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఎవరిని వినాలి? "కాకు, ఆప్నీ చుప్!" అని కింది నుంచి కేక వచ్చింది. ఆయన నొచ్చుకోలేదు. షాపులో క్రేను కింద సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలని నాకు వివరించి, నోరు మూసుకున్నారు.

సీసాలో బుడగలు ఆగాయి గానీ పెడలు ఇంకా మెత్తగానే ఉంది. గొట్టం మాస్టర్ నుంచి దిగి, ఛాసిస్ పట్టీ మీదుగా ఒక గూనుగా లేచి, మళ్ళీ దిగుతుంది. గాలి ఆ గూనులో కూర్చుంది. మనం పై నుంచి నెడుతున్నాం, అది పైకి పోవాలంటోంది. మిస్త్రీ మందుల షాపు నుంచి పెద్ద సిరంజి తెప్పించాడు. కింది నిపిల్ నుంచే కొత్త నూనెను నెమ్మదిగా పైకి ఎక్కించడం మొదలుపెట్టాడు. పైన డబ్బాలో నూనె మట్టం లేస్తూ, ఉన్నట్టుండి ఒక బుడగ తేలి పగిలింది. వెనకాలే ఇంకొకటి. బాబాయ్ టార్చి పట్టుకుని, వాటిని తానే పంపించినట్టు చూశారు. తర్వాత తొక్కితే పెడలు సగం దారిలోనే కాలికి ఎదురు తిరిగింది.

పరీక్ష రివర్సు గేరే. ముందుకు పోయే గేర్లకు వేగాలను సరిచేసే ఏర్పాటు ఉంటుంది, అది క్లచ్ లోపాన్ని కాస్త కప్పిపుచ్చుతుంది. రివర్సుకు ఆ మర్యాద లేదు. ఇంజను నడుస్తుండగా పెడలు తొక్కి, నాలుగు లెక్కపెట్టి వేశాను. చప్పుడు లేకుండా పడింది. పిన్ని వాకిట్లోకి వచ్చి చూసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

టీ తాగుతూ బాబాయ్ మూడో తగవు తీశారు: మాస్టర్ సిలిండర్ కూడా విప్పాలి. "చొల్ఛే తో!" అన్నాడు మిస్త్రీ. నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం? ఈసారి నేను బాబాయ్ వైపు. కింద కొత్త కప్పు గట్టిగా నిలబడ్డాక ఒత్తిడంతా పైనున్న పాత కప్పు మీద పడుతుంది. పైగా గాలి తీసేటప్పుడు పెడలును అడుగంటా తొక్కాం. ఇన్నేళ్ళుగా పిస్టన్ ఎప్పుడూ వెళ్ళని చోటికి, అంటే తుప్పు పట్టడానికి వీలున్న చోటికి, ఆ కప్పును తోశాం. కింది సిలిండర్ బాగుచేసిన కొన్నాళ్ళకే పైది కారడం అందుకే మామూలు. మిస్త్రీ ఇదంతా విని, అది కారితే అప్పుడు పిలవండి అన్నాడు. బాబాయ్ సాయంత్రమే వెళ్ళి మాస్టర్ కిట్టు కొని తెచ్చి, ఫ్రిజ్ మీద పెట్టారు. పిన్ని దాన్ని అక్కడి నుంచి తీసి షూ రాకులో పెట్టింది. మిస్త్రీకి వచ్చే రెండు ఆదివారాలూ ఖాళీ లేదట.