మన రాష్ట్ర ప్రభుత్వము - అధికారములు, ఎల్లలు

"ప్రభుత్వము" అను మాటను మనము దినమునకు పలుమార్లు ఉచ్చరింతుము. రోడ్డు పాడైనను ప్రభుత్వమే, రైలు ఆలస్యమైనను ప్రభుత్వమే, కాలువకు నీరు రాకున్నను ప్రభుత్వమే. ఆ ఒక్క మాట వెనుక ఎన్ని ప్రభుత్వములున్నవో, ఏది దేనికి బాధ్యత వహించునో విచారించువారు అరుదు. మా తరగతి మిత్రుడొకడు ఉపకారవేతనము కొరకు ఒక ఏడు మూడు కార్యాలయముల మెట్లెక్కి దిగెను. ఒకచోట నిధులు పైనుండి రాలేదనిరి. ఇంకొకచోట అది తమ పని కాదనిరి. మూడవచోట దరఖాస్తు ఎక్కడనున్నదో చూడవలెననిరి. ఆ "పైన" అనగా రాష్ట్రమా, కేంద్రమా? అతనికి తెలియదు, మాకును తెలియదు. పరీక్ష కొరకు చదివిన సమాఖ్య వ్యవస్థ మా నిత్యజీవితమునకు సంబంధించినదని మాకు తోచినది అప్పుడే.

అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును ప్రత్యేక రాజ్యాంగము కలదు. మనకట్లు గాదు. కేంద్రమును రాష్ట్రములును ఒకే రాజ్యాంగమునుండి అధికారమును పొందుచున్నవి. ఆ రాజ్యాంగపు ఏడవ షెడ్యూలులో మూడు జాబితాలు కలవు. 1950లో అది అమలులోనికి వచ్చిననాడు కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశములుండెను. రక్షణ, రైల్వేలు, తపాలా కేంద్రమునకు చెందినవి. పోలీసు, ప్రజారోగ్యము, భూమి రాష్ట్రమునకు చెందినవి. ఉమ్మడి జాబితాలోని వాటిపై ఇరువురును చట్టములు చేయవచ్చును. రెండు చట్టములకు వైరుధ్యము కలిగినచో సాధారణముగా కేంద్ర చట్టమే నిలుచును.

రాష్ట్ర ప్రభుత్వపు అంగములను చూచుటకు విజయవాడ వారికి దూరప్రయాణము అవసరము లేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున వెలగపూడిలో 175 మంది సభ్యులు గల శాసనసభయు, సచివాలయమును కలవు. 2019 నుండి హైకోర్టు అమరావతిలో పనిచేయుచున్నది. గవర్నరు నివాసము మన నగరముననే కలదు. పరిపాలన గవర్నరు పేరిట సాగును, కాని నిర్ణయములు చేయునది ముఖ్యమంత్రియు, మంత్రివర్గమును. ఆ మంత్రివర్గము శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించును.

ఈ బాధ్యత ఎంత నిక్కమైనదో తెలుపుటకు ఆంధ్రుల చరిత్రలోనే నిదర్శనము కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా టంగుటూరి ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి అయిరి. 1954 నవంబరులో మద్యనిషేధ వివాదమున వారి మంత్రివర్గము ఒకే ఒక ఓటు తేడాతో ఓడిపోయి వైదొలగెను. అంతటి నాయకుని ప్రభుత్వమును గూడ సభలోని ఒక్క ఓటు దింపగలిగెను. పిమ్మట 1955 మార్చి వరకు రాష్ట్రపతి పాలన సాగెను. 1957లో మన నగరమున ప్రారంభమైన బ్యారేజి వారి పేరనే వెలసినది. దానిపై నిత్యము రాకపోకలు సాగించు మనకు ఆ ఒక్క ఓటు కథయు తెలిసియుండవలెను.

సభకు గల ఈ అధికారము గవర్నరు చేతికి పోయినచో ఏమగును? గవర్నరును నియమించువారు రాష్ట్రపతి. రాష్ట్రపతి నడుచుకొనునది కేంద్ర మంత్రివర్గపు సలహాపై. కావున ఈ పదవి కేంద్రమునకును రాష్ట్రమునకును నడుమ సున్నితమైన కీలు వంటిది. 1983 మే 28న ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారి ఆహ్వానముపై పలు ప్రతిపక్షముల నాయకులు విజయవాడలో సమావేశమైరి. కేంద్ర రాష్ట్ర సంబంధములను పరిశీలించుటకు సర్కారియా కమిషను ఏర్పడినదియు ఆ ఏడే. మరుసటి ఏడు 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్, సభలో బలపరీక్ష జరుగకముందే రామారావుగారిని తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిచే ప్రమాణస్వీకారము చేయించిరి. రాష్ట్రమంతట నిరసన పెల్లుబికెను. సెప్టెంబరు 16న రామారావుగారు తిరిగి ముఖ్యమంత్రి అయిరి. మెజారిటీని తేల్చవలసినది సభయే గాని గవర్నరు నివాసము గాదని 1994లో బొమ్మై కేసున సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

రాష్ట్రము తన సభను గూడ తనంత తాను మార్చుకొనజాలదు. మన శాసనమండలి 1958లో ఏర్పడినది. దానిని రద్దు చేయవలెనని 1983లో శాసనసభ తీర్మానించినను, పార్లమెంటు చట్టము చేయువరకు, అనగా 1985 వరకు, అది నిలిచియే యుండెను. పునరుద్ధరణకు 2004లో తీర్మానము, 2005లో చట్టము కాగా 2007లో మండలి మరల ఏర్పడెను. 2020 జనవరిలో శాసనసభ మరల రద్దు తీర్మానము చేసి, పార్లమెంటు ఇంకను చట్టము చేయకముందే, 2021 నవంబరులో దానిని ఉపసంహరించుకొనెను. రాష్ట్రపు ఎల్లల విషయమును ఇట్టిదే. 2014 జనవరిలో శాసనసభ విభజన బిల్లును తిరస్కరించెను. అయినను పార్లమెంటు దానిని ఆమోదించగా జూన్ 2న తెలంగాణ ఏర్పడెను. మూడవ అధికరణము రాష్ట్రముల అభిప్రాయమును కోరునే గాని అంగీకారమును కోరదు.

డెల్టా రైతు బిడ్డలకు మిక్కిలి దగ్గరి విషయము నీరు. నీటిపారుదల రాష్ట్ర జాబితాలోనిదే. బందరు కాలువకు, ఏలూరు కాలువకు నీరు విడుచువారు రాష్ట్రపు ఇంజనీర్లే. కాని కృష్ణ మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక దాటి వచ్చు నది. అంతర్రాష్ట్ర నదులపై కేంద్రమునకు అధికారము కలదు. 1969లో కేంద్రము నియమించిన బచావత్ ట్రిబ్యునలు 1973 తీర్పులో 2060 టి.ఎం.సి.లను మూడు రాష్ట్రములకు పంచి, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించెను. విభజన తరువాత కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడెను. కావున షట్టరు ఎత్తు చేయి రాష్ట్రానిది, ఎంత నీటికి ఎత్తవచ్చునో నిర్ణయించు లెక్క మాత్రము ఒక్క రాష్ట్రానిది గాదు.

ఇక మా చదువు మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో బెజవాడలోనే ఆరంభమై పిదప వాల్తేరుకు తరలెను. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము, 2008లో మచిలీపట్నమున కృష్ణా విశ్వవిద్యాలయము వెలసినవి. ఇవన్నియు రాష్ట్ర చట్టములతో వచ్చినవే. కాని 1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్ర జాబితానుండి ఉమ్మడి జాబితాకు మార్చెను. ఉపకారవేతనములలో కేంద్రము నిధులిచ్చునవి కొన్ని, రాష్ట్రమే భరించునవి కొన్ని కలవు. మా మిత్రుడు మూడు గుమ్మములు తిరుగుటకు మూలము ఇందే కలదని మా అభిప్రాయము.

అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును 30వ అధికరణము ఇచ్చినది. అది కేంద్రపు దయయు గాదు, రాష్ట్రపు దయయు గాదు. ఉభయులను కట్టిపడవేయు ప్రాథమిక హక్కు. అధికారభాషను నిర్ణయించు హక్కు మాత్రము రాష్ట్ర శాసనసభది. ఉర్దూను ద్వితీయ అధికారభాషగా చేయు బిల్లును 2022లో ఆమోదించినది ఆ సభయే. రెండు భాషలలో వెలువడు ఈ సంచికను చేతబట్టిన మనకు ఈ భేదము తెలియుట అవసరము. హక్కుకు భంగము కలిగినప్పుడు న్యాయస్థానమున నిలువవలెను. భాష కార్యాలయములలో అమలు కానప్పుడు శాసనసభ్యుని అడుగవలెను.

రాష్ట్రము కేంద్రమునకు శాఖా కార్యాలయము గాదు, స్వతంత్ర దేశమును గాదు. ఈ రెంటి నడుమనున్న గీతను ఎరిగి, తగిన వారిని తగిన ప్రశ్న అడుగు పౌరులున్నప్పుడే సమాఖ్య సజీవముగ నుండును. కళాశాల సంఘము వారికి మా విన్నపము రెండే. ఏటేట విద్యార్థులను వెలగపూడికి తీసికొనిపోయి శాసనసభ సమావేశమును చూపించుడు. ఉపకారవేతనము, ధ్రువపత్రము, పరీక్ష, ప్రవేశము - వీనిలో దేనికి ఏ ప్రభుత్వము, ఏ అధికారి బాధ్యులో తెలుగున, ఉర్దూలో వ్రాయించి గ్రంథాలయపు గోడన వ్రేలాడదీయించుడు. మా తరువాత వచ్చు తమ్ముళ్లును, చెల్లెండ్రును తొలిసారియే తగిన గుమ్మము తట్టుదురు.