అక్షరాలలో అంకెలు: గూఢలిపి గురించి కొన్ని ఆలోచనలు

వాత్స్యాయనుడు పేర్కొన్న అరవై నాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. అక్షరాలను తారుమారు చేసి, ఎరిగినవారికి మాత్రమే అర్థమయ్యేటట్లు పలకడం, వ్రాయడం దీని స్వరూపం. జయమంగళా వ్యాఖ్యలో యశోధరుడు కౌటిలీయం, మూలదేవీయం అనే భేదాలను వివరించాడు. మూలదేవీయంలో చకార టకారాలు, తకార పకారాలు పరస్పరం స్థానాలు మార్చుకుంటాయి. అర్థశాస్త్రం గూఢపురుషుల ప్రకరణంలో సంజ్ఞాలిపిని ప్రస్తావించింది. మన పిల్లలు ఆడుకునే ‘క’ భాష కూడా ఈ కోవలోనిదే అంటే విద్యార్థులు నవ్వుతారు గాని, నాకు అది నవ్వులాట మాటగా తోచదు.

ఈ విషయంలో మన పండితులు తరచుగా కటపయాది పద్ధతిని కూడా రహస్యలిపుల జాబితాలో చేరుస్తారు. ఇది నాకు సమ్మతం కాదు. ‘జయ’ శబ్దానికి జకారం 8, యకారం 1. అంకెలను కుడి నుండి ఎడమకు చదివితే 18. భారత పర్వాల సంఖ్య అదే. ధీరశంకరాభరణం 29వ మేళకర్త అని దాని తొలి రెండక్షరాలే చెబుతాయి. ఇందులో దాపరికం ఎక్కడున్నది? ఛందస్సులో అంకెను ఇమిడ్చి, జ్ఞాపకంలో నిలిపే ఉపాయమే ఇది. సంయుక్తాక్షరంలో చివరి హల్లును గ్రహించాలని సూత్రం. షణ్ముఖప్రియకు అది సరిపోయి 56 వస్తుంది. చక్రవాకానికి మాత్రం సూత్రం ప్రకారం 26 రావాలి. కాని అది 16వ మేళం. అయినా ఏ గాయకుడూ పొరబడడు, సంప్రదాయం అతనికి ముందే తెలుసు గనుక. భూతసంఖ్యలదీ ఇదే తీరు. అలంకారికుడికి రసాలు తొమ్మిది. శాసనకర్తకు రసమంటే ఆరు. సముద్రం సాధారణంగా నాలుగు, ఒక్కొక్కచోట ఏడు. తిథి, వారం, సంవత్సరనామం సరిచూచి గాని శాసనపరిశోధకుడు శకవర్షాన్ని నిర్ణయించడు.

నిజమైన దాపరికం నాకు అంగడిలో కనిపించింది. ప్రొద్దుటూరు బంగారానికి, బట్టలకు పేరుమోసిన వ్యాపారకేంద్రం. పాతకాలపు బట్టల కొట్లలో చీర చీటీమీద అమ్మకపు ధర అంకెలలోను, కొన్న ధర అక్షరాలలోను ఉండేవి. అక్షరం పునరుక్తం కాని పది అక్షరాల మాటను ఎంచుకొని, ఒకటి మొదలు సున్న వరకు పంచుకొనేవారు. బేరమాడే మనిషి చేతిలోనే చీటీ ఉంటుంది. ఎంతవరకు తగ్గవచ్చో గుమాస్తాకు మాత్రమే తెలుస్తుంది.

మూతపడిన అటువంటి కొట్టు పుస్తకమొకటి కొన్నేండ్ల క్రితం నా చేతికి వచ్చింది. సంకేతం తెలిసిన పెద్దాయన గతించారు. ఇంటివారికి అంకెలు అర్థమయ్యాయి, అక్షరాలు కాలేదు. కటపయాది ఇక్కడ పనికిరాదని మొదటి పుటలోనే తేలింది: అందులో ఒక అంకెకు పలు అక్షరాలు, ఇక్కడ ఒకే అక్షరం. మొత్తాల చివర మాటిమాటికి వచ్చేది సున్న కావాలి. కొన్ని పుటల అడుగున కూడిక మామూలు అంకెలలో ఉన్నందున, దానితో సరిచూస్తూ ఏడు అక్షరాలు నిర్ణయించగలిగాను. వరుసగా పేర్చితే మొదటి నాలుగూ ధ, న, ల, క్ష. ‘ధనలక్ష్మి’ అని ఎవరైనా చదువుతారు. తక్కిన ఆరు స్థానాలలో మూడు ఖాళీలే. వ్రాతప్రతిలో గ్రంథపాతాన్ని పూరించినట్లు ఆ ఇంటి దైవాల పేర్లన్నీ పెట్టి చూశాను, ఏదీ పొసగలేదు.

తేలినంతవరకు చదవగా, కొన్న ధర, అమ్మిన ధర సమానంగా ఉన్న పద్దులు అక్కడక్కడ కనిపించాయి. కొన్నవారి పేర్లు మామూలు తెలుగులోనే ఉన్నాయి. లాభం లేకుండా ఇచ్చిన సంగతి మాత్రమే సంకేతంలో ఉన్నది. ఆ పద్దులను ఇంటివారికి చదివి వినిపించాను. రెండు పేర్లను మళ్ళీ చదవమన్నారు.