ఆరంకెలు

చంపావతి ఒడ్డున, మా గజపతినగరంలో ముప్ఫయ్యేళ్ళు పంతులుద్యోగం వెలగబెట్టినవాణ్ణి. "ప్రశ్న ఆసాంతం చదివి మరీ జవాబు రాయండర్రా" అని పిల్లల్ని వేపుకు తిన్నాను. అలాటి నేను మొన్న చేసిన నిర్వాకం చెబితే మీరు నవ్విపోతారు.

పొద్దున్నే ఫోను. "సార్, తమ ఖాతా ఈపూట ఆగిపోతుందండి. ఇప్పుడొచ్చిన ఆరంకెలూ చెప్పండి." ఎంత మర్యాద! పింఛను పడిన మర్నాడాయె, నా గుండె దడదడలాడింది. కళ్ళజోడు సవరించుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు నాలుగంకెలు గట్టిగా చదివాను.

వంకాయలు తరుగుతున్న మా ఆవిడ చివాల్న లేచి ఫోను లాక్కుని కట్టేసింది.

"ఆ అంకెల కింద ఏం రాసుందో చదివారుటండీ?"

చదివాను. ఎవరికీ చెప్పవద్దని ఉంది!

ఖాతా తెరిచేది మనమేనని రుజువుకోసం వచ్చే అంకెలవి. మనం తెరవకుండానే వచ్చాయంటే, అవతల మరొకడు తెరుస్తున్నాడన్నమాట. పాస్‌వర్డు అప్పటికే వాడికి తెలిసిపోయిందేమో! తెలియదూ మరి? అన్నిటికీ ఒకటే పెట్టాను: అమ్మాయి పేరూ, పుట్టిన సంవత్సరమూ.

సొమ్ము పోతే తక్షణం 1930కి ఫోను చెయ్యాలనీ ఆవిడకే తెలుసు. మన అజాగ్రత్తవల్ల పోయింది, బ్యాంకుకు చెప్పేదాకా మన నెత్తినేనని రిజర్వు బ్యాంకు 2017లోనే రాసిందట. అదృష్టం, నాది పోలేదు.

ఆ సాయంత్రమే కొత్త పాస్‌వర్డులు పెట్టుకున్నాం. నాది అయ్యాక ఆవిడ తన ఫోను తీసి, "మీరు కాస్త అటు తిరగండి" అంది.

నలభయ్యేళ్ళ కాపురం! తిరిగాను.